నాలుగు నిద్రల పురుగు

అనగనగా మల్బరీ తోటలున్న ఒక ఊళ్ళో, అశ్వత్థమ్మ అనే ఆవిడ నలభై తట్టల పట్టుపురుగుల్ని ఊపిరాడకుండా చేసి చంపుకుంది. కావాలని కాదు. ప్రేమ ఎక్కువై.

ముందే చెప్పేశాను కాబట్టి మధ్యలో "ఏమైంది, ఏమైంది" అని నన్ను పీక్కుతినకు. కాళ్ళు కడుక్కున్నావా? సరే, ఇటు తిరిగి పడుకో. ఎలా చంపుకుందో, ఆ తర్వాత ఏం చేసిందో చెప్తాను.

ఆ ఊరు మదనపల్లె దాటాక కొండల పక్కన ఉండేది. నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అశ్వత్థమ్మకి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. చూసినవాళ్ళు యాభై అనేవాళ్ళు. ఆవిడ ఇంటి వెనక ఒక షెడ్డు. షెడ్డు వెనక ఒక ఎకరం మల్బరీ. ఆ ఎకరమంతా ఆవిడే నాటింది. రెండు వేసవులు బిందెలతో నీళ్ళు మోసి ఒక్కో పుల్లనీ బతికించింది. కొండ కింద పొలంలో ఏం వెయ్యాలో మొగుడు హనుమంతప్ప చెప్పేవాడు. ఇంట్లో ఏం వండాలో కూడా అతనే చెప్పేవాడు. షెడ్డులో మాత్రం ఆవిడ మాటే చెల్లేది. దాని తాళంచెవి ఎప్పుడూ ఆవిడ కొంగుకే ఉండేది.

పట్టుపురుగు సంగతి నీకు తెలీదు కదా. గుడ్లు ఒక కాగితం మీద ఉంటాయి, ఆవాల కన్నా చిన్నవి. అందులోంచి చీమంత నల్లటి పిల్లలు వస్తాయి. అవి మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ తినవు. ఆకు వేస్తే తింటాయి, మళ్ళీ వేస్తే మళ్ళీ తింటాయి. రోజుకి నాలుగు మేతలు. అలా నాలుగైదు రోజులు తిన్నాక వాటి తోలు బిగుతైపోతుంది. నీ పాత గౌను నీకు బిగుతైనట్టే.

అప్పుడు పురుగు తినడం మానేస్తుంది. తల పైకెత్తి, దణ్ణం పెడుతున్నట్టు ఉండిపోతుంది. ఒక రోజంతా కదలదు. లోపల కొత్త తోలు తయారవుతుంది. ఆ తర్వాత పాత తోలు విప్పేసి బయటికొస్తుంది, ఆకలితో. దాన్ని అక్కడ నిద్ర అంటారు. అలా మొత్తం నాలుగు నిద్రలు. నిద్రలో ఉన్న పురుగుకి మేత వెయ్యకూడదు, చెయ్యి తగలనివ్వకూడదు. కాస్త సున్నం చల్లి వదిలెయ్యాలి.

మరి పురుగులు పడుకుంటే అశ్వత్థమ్మ పడుకునేదా? ఎక్కడ! ఆ రోజే ఇల్లు అలికేది. ఆ రోజే పేరుకున్న బట్టలుతికేది. ఆ రోజే చింతపండు గింజలు తీసేది. నడుం నొప్పి పుడితే గుడ్డ కట్టి బిగించుకునేది. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత అవసరం పడుతుంది.

సరే. ఆ పంటలో పురుగులు బాగా వచ్చాయి. నాలుగు నిద్రలూ అయిపోయాయి. ఇంక వారం రోజులు గట్టిగా తింటే గూళ్ళు కడతాయి. అలాంటి సమయంలో పక్కింటి లింగమ్మ జల్లెడ కోసం వచ్చింది. అశ్వత్థమ్మకి వదిన వరస. నోరు పెద్దది. పిలుస్తూ పిలుస్తూ నేరుగా షెడ్డు గుమ్మం దాకా వచ్చేసి లోపలికి తొంగిచూసింది.

"అమ్మమ్మమ్మ! ఏమి పురుగులు వదినా ఇవి! ఒక్కోటి నా చిటికినేలంత ఉండాదే! తెల్లగా వెన్నముద్దల మాదిరి!"

అంతే. జల్లెడ తీసుకుని వెళ్ళిపోయింది.

అశ్వత్థమ్మ గుండెలో రాయి పడింది. ఆ ఊళ్ళో పురుగుల షెడ్డులోకి పరాయివాళ్ళని రానివ్వరు. వచ్చినా పురుగుని మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే దిష్టి, దిష్టి తగిలితే పురుగు గూడు కట్టదని వాళ్ళ నమ్మకం. అప్పుడు ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నలభై తట్టల చుట్టూ తిప్పి బయట పొయ్యిలో వేసింది. మనసు కుదుటపడలేదు. ఆ తర్వాత పాత చీరలు తెచ్చి కిటికీలకి కట్టింది. ఇంకా సందులు కనబడ్డాయి. ఆ తర్వాత వడ్ల కుప్ప మీద కప్పే పెద్ద ప్లాస్టిక్ పట్ట తెచ్చి షెడ్డు చుట్టూ బిగించేసింది. ఇప్పుడు చీమకి కూడా లోపల ఏముందో కనబడదు.

మేత వేసేటప్పుడు మాత్రం తలుపు ఓరగా తీసి దూరేది, వెంటనే మూసేసేది. ఎవరైనా చూస్తారేమోనని తట్టల్లో పేరుకున్న పాత ఆకూ రెట్టా కూడా బయటికి తెచ్చి పొయ్యలేదు. తట్టల్లోనే వదిలేసింది. మూడో రోజుకి లోపలంతా ఉమ్మగా, పుల్లటి వాసన. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే చప్పుడు లేదు.

పురుగులు మేస్తుంటే షెడ్డులో సన్నటి వాన కురుస్తున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ వాన ఆగిపోయింది.

అప్పుడు మండలం నుంచి పట్టు మేడమ్ వచ్చింది. ఆమె పేరు సుభాషిణి. పట్టురైతుల షెడ్లు చూసి సలహాలు చెప్పడం ఆమె ఉద్యోగం. స్కూటరు మీద వచ్చేది, మాట సూటిగా ఉండేది. తలుపు తీసీ తీయగానే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళైంది అక్కా మూసిపెట్టి?"

"మూడు దినాలు."

"నిన్ను ఇందులో వేసి మూడు దినాలు తలుపేస్తే ఉంటావా?"

"నేను మనిషిని కదా మేడమ్. వాటికి ముక్కు యాడుంది?"

మేడమ్ సంచిలోంచి భూతద్దం తీసింది. చచ్చిపోయిన పురుగునొకదాన్ని అశ్వత్థమ్మ అరచేతిలో పెట్టింది. "పక్కన నల్ల చుక్కలున్నాయి చూడు. ఏంటవి?"

"దిష్టి చుక్కలు," అంది అశ్వత్థమ్మ. పన్నెండేళ్ళుగా పురుగులు పెంచుతోంది. ఆ చుక్కల్ని రోజూ చూస్తోంది. అంత తెల్లటి పురుగుకి దేవుడే చుక్క పెట్టి పంపించాడనుకునేది.

"అద్దంలోంచి చూసి ఎన్నున్నాయో చెప్పు."

చూసింది. ఇటు తొమ్మిది. తిప్పితే అటు తొమ్మిది. ఒక్కోటి చుక్క కాదు, చిన్న కన్నం.

"అవే దాని ముక్కులు," అంది మేడమ్. "ఒక్కో కన్నం నుంచి లోపలికి వెంట్రుక కంటే సన్నటి గొట్టాలుంటాయి. వాటిల్లోనించే గాలి ఒళ్ళంతా తిరుగుతుంది. తిన్న ఆకు ఒంటికి బలం కావాలంటే ఆ గాలి తగలాల. పొయ్యి నిండా కట్టెలుంటే చాలదు కదా, గాలి ఆడకపోతే మండుతుందా? నీకూ అంతే, నాకూ అంతే, దీనికీ అంతే. పైగా దాని రెట్టనంతా దాని కిందే పెట్టినావు. అది కుళ్ళి, ఆ ఉన్న గాలి కూడా చెడిపాయె."

అశ్వత్థమ్మ అరచేతిలో పురుగుని చాలాసేపు చూసింది.

"పద్దెనిమిది ముక్కులు," అంది. "అన్నీ నేనే మూస్తినే."

ఏడవలేదు. ఏడుపు రావాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి. పార తీసుకుని తోట చివర గొయ్యి తవ్వింది. హనుమంతప్ప వచ్చి ఆ గొయ్యి పక్కన నిలబడ్డాడు.

"ఇంకా రెండు పంటలు చూస్తా," అన్నాడు. "రెండూ పోయినాయంటే మల్బరీ అంతా పీకేసి టమాట పెడతా. ఈ షెడ్డులో టమాట బాక్సులు పెట్టుకోవచ్చు."

"రెండు చాలు," అంది అశ్వత్థమ్మ. చాలో చాలదో ఆవిడకే తెలీదు. కానీ బిందెలు మోసిన భుజం ఆవిడది. పీకిస్తాననే మాట భుజానికి తగిలింది.

దుప్పటి తన్నకు. విను.

రెండో పంట వచ్చింది. ఈసారి అశ్వత్థమ్మ కిటికీలన్నీ తెరిచింది. ఈగ రాకుండా సన్న వల కొట్టింది. చీమలెక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. రోజూ తట్టల్లో రెట్ట తీసి తోటలో పోసింది. అది చెట్లకి మంచి ఎరువు. పురుగు వద్దనుకున్నది చెట్టుకి కావాలి.

కానీ పోయినదాన్ని ఎలాగైనా పూడ్చుకోవాలని ఆవిడకి తొందర. తొందర ఉన్నచోట ఏదో ఒకటి అడుగంటుతుంది. మొదటి పంటకి ఆకంతా కోసేసిన తోట అది. చిగుళ్ళు వేసి నెల కూడా కాలేదు. ఆగితే బాగుండేది. ఆగలేదు. వెంటనే గుడ్లు తెచ్చింది. అప్పుడు లేత ఆకులు కోసింది. ఆ తర్వాత కొమ్మ చివరి చిగుళ్ళు తుంచింది. ఆ తర్వాత మళ్ళీ పుట్టిన చిగుళ్ళు కూడా తుంచింది.

పైగా పొద్దునంతా ఇంటి పని. ఆకు కొయ్యడానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళేది. కోసిన ఆకు గంపలోనే వాడిపోయేది. వాడిందని నీళ్ళు చల్లేది. ఆ తడి ఆకు తిని పురుగులకి కడుపు చెడింది. చెట్లు చూస్తే చిన్న చిన్న ఆకులు, పసుపు పచ్చటివి. పురుగులు చూస్తే పీలగా ఉన్నాయి. నాలుగో నిద్ర దాకా వచ్చాయి, గూళ్ళు కట్టాయి. కానీ ఆ గూళ్ళు వేలితో నొక్కితే వేరుశనగ పొట్టులా లోపలికి పోయేవి.

మేడమ్ మళ్ళీ వచ్చింది. గూళ్ళు నొక్కి చూసి నేరుగా తోటలోకి నడిచింది. ఎండలో ఉన్న ఒక కొమ్మకి ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతి దారంతో కట్టింది. "మజ్జిగుంటే ఇయ్యి. అంతలోకి ఇది పని చేస్తుంది."

మజ్జిగ తాగి వచ్చేసరికి కవరు లోపలంతా నీటి చుక్కలు.

"ఎవరు పోసినారు ఈ నీళ్ళు?"

అశ్వత్థమ్మ కవరు చుట్టూ చూసింది. పైన మేఘం లేదు, కింద మట్టి ఎండిపోయి ఉంది. "ఆకే పోసిందా?"

"ఆకే. ఆకు అడుగున కంటికి కనబడని నోళ్ళుంటాయి. ఆ నోళ్ళతో గాలి పీల్చుకుంటుంది, వాటిల్లోనించే నీటి ఆవిరి పోతుంది. వేరు కింద తాగిన నీళ్ళు సన్న గొట్టాల్లో పైదాకా ఎక్కొస్తాయి. చెట్టు మీద ఉన్నంతసేపు పోయిన నీళ్ళకి వేరు మళ్ళీ ఇస్తుంది. కోసినాక ఎవరిస్తారు? అందుకే మధ్యాహ్నం కోస్తే వాడిపోతుంది. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కొయ్యి, తడిగుడ్డ కప్పి పెట్టు. ఆకు మీద నీళ్ళు చల్లొద్దు."

"సరే మేడమ్. మరి ఆకు ఎందుకు ఇంత చిన్నదిగా వస్తాంది? ఎరువు వేస్తినే, నీళ్ళు కడితినే."

"మీ ఇంట్లో వంట యాడ చేస్తావు?"

"వంటింట్లో. ఇంకెక్కడ చేస్తారు?"

"చెట్టుకి వంటిల్లు ఆకు. వేరు నీళ్ళు తెస్తుంది, ఆకు గాలి తీసుకుంటుంది, పైన ఎండ పొయ్యి. ఆ మూడూ కలిపి ఆకులో అన్నం ఉడుకుతుంది. ఆ అన్నమే కొమ్మకీ, వేరుకీ దిగుతుంది. కొంత వేరులో దాచి పెట్టుకుంటుంది. నువ్వు వంటింటిని కూల్చేస్తివి. పాపం అది దాచుకున్నది ఖర్చు పెట్టి కొత్త వంటిల్లు కట్టుకునింది. దాన్నీ కూలిస్తివి. ఇంక దాని దగ్గర ఏముంది అక్కా? ఎరువు బస్తా అన్నం కాదు. ఎరువు ఉప్పూ పులుసూ లాంటిది. వండేది ఆకే."

అశ్వత్థమ్మ ఆ కొమ్మని పట్టుకుని నిలబడింది. "అలసిపోయిందన్నమాట," అంది.

"అలసిపోయింది. రెండు నెలలు వదిలెయ్యి. కొమ్మలు కింద దాకా కొట్టేసి, దాని జోలికి పోవద్దు."

"రెండు నెలలు ఊరికే కూర్చోమంటే మా ఆయన ఒప్పుకోడు."

"చెట్టు ఊరికే కూర్చోదు. నువ్వు కూర్చుంటావు. చెట్టు వండుకుంటా ఉంటుంది."

ఆ రాత్రి హనుమంతప్ప అన్నం కలుపుకుంటూ, "ఒకటి పోయింది, ఇంకొకటి పొట్టు అయింది," అన్నాడు. "ఒక్కటే మిగిలింది."

అశ్వత్థమ్మ చారు పోసింది. ఒక్కటే మిగిలిందని ఆవిడకీ తెలుసు.

రెండు నెలలు ఆగింది. ఆగడం ఆవిడకి కోతకంటే కష్టమైంది. రోజూ వెళ్ళి చెట్లని చూసేది. మొదట మోడుల కణుపుల దగ్గర ఆకుపచ్చ చుక్క. ఆ తర్వాత చెవిలా విచ్చుకున్న చిగురు. ఆ తర్వాత అరచేయంత ఆకు, నూనె రాసినట్టు. ఒక రోజు ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసింది. అప్పుడు గుడ్లు తెచ్చింది.

మూడో పంట. ఈసారి తప్పు జరగకూడదు.

నిజంగానే ఏ తప్పూ జరగలేదు. గాలికి గాలి, ఆకుకి ఆకు. తెల్లవారగానే కోత, తడిగుడ్డ, నాలుగు మేతలు, తట్టల శుభ్రం. షెడ్డులోకి వెళ్ళేటప్పుడు రోగం తీసుకెళ్ళకూడదని కాళ్ళూ చేతులూ మందు నీళ్ళలో కడుక్కోవాలి, వేరే చీర కట్టుకోవాలి. అదీ చేసింది. మొదటి నిద్ర, రెండో నిద్ర, మూడో నిద్ర. మధ్యలో నిద్ర వచ్చినప్పుడల్లా ఇల్లు అలికింది, బట్టలు ఉతికింది. నాలుగో నిద్ర రోజున హనుమంతప్ప అక్క కుటుంబంతో వచ్చింది. అశ్వత్థమ్మే పదిమందికి వండింది.

నాలుగో నిద్ర లేచిన పురుగు ఎలా తింటుందో తెలుసా? అంతకుముందు ఇరవై రోజులు తిన్నదంతా ఒక ఎత్తు, ఈ చివరి వారం తినేది నాలుగెత్తులు. పట్టంతా ఈ వారం తిండితోనే తయారు కావాలి. ఈ వారంలో ఆకు ఆగిందా, పంట పోయినట్టే.

ఆ వారంలో మూడో రోజు, రెండో మేతకి గంప ఎత్తుకుని తోటలోంచి వస్తూ అశ్వత్థమ్మ దబ్బున పడిపోయింది. గంప ఒక పక్క, ఆవిడ ఒక పక్క. ఒళ్ళు కాలిపోతోంది.

కంచె అవతల గడ్డి కోసుకుంటున్న లింగమ్మ చూసింది. "ఓ అన్నా! హనుమంతన్నా! వదిన పడిపాయె!" అని అరిచిన అరుపుకి ఊరి చివరి కుక్కలు కూడా లేచాయి. ఇద్దరూ కలిసి ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకుపోయారు. చేతికి సెలైను ఎక్కించారు. సంగతి తెలిసి పట్టు మేడమ్ అక్కడికే వచ్చింది. మంచం పక్క స్టూలు మీద కూర్చుంది.

"తిన్నావా అక్కా?"

"నిన్న మాపటేళ రెండు ముద్దలు."

"పడుకున్నావా?"

"పురుగులు తింటా ఉంటే ఎట్లా పడుకుంటా?"

"ఒంటేలుకు పోయినావా?"

నవ్వకు. అది నవ్వే విషయం కాదు. అశ్వత్థమ్మ కూడా ముందు మొహం పక్కకి తిప్పుకుంది. ఆ తర్వాత చెప్పింది.

"నీళ్ళు తాగితే పోవాల్సొస్తుంది మేడమ్. షెడ్డులో నుంచి బయటికి పోతే మళ్ళీ కాళ్ళూ చేతులూ మందు నీళ్ళలో కడగాల, చీర మార్చాల. పదిసార్లు ఎవరు మారుస్తారు? అందుకని తాగేదే మానేస్తి."

"అందుకే జ్వరం. మంట పుట్టిందా?"

"వారమాయె."

మేడమ్ భూతద్దం తీయలేదు. "పురుగు కింద రెట్ట ఒక్క రోజు కూడా ఉండనియ్యవు," అంది. "నీ ఒంట్లో చెడ్డ నీళ్ళు మాత్రం వారం దాచిపెట్టుకున్నావు. ఒళ్ళు పని చేస్తే చెత్త తయారవుతుంది. అది బయటికి పోవాల. పురుగుకి వేరే రూలు, నీకు వేరే రూలు లేదు. దానికి తిండి పెట్టినావు, గాలి పెట్టినావు, చెత్త తీసినావు, నాలుగు నిద్రలు పోనిచ్చినావు. వీటిల్లో నీకు ఒక్కటన్నా ఇచ్చుకున్నావా?"

అశ్వత్థమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. ఆలోచించింది. గాలి ఒక్కటి పీలుస్తోంది, అదీ తనంతట తను పీల్చుకుంటోంది కాబట్టి.

"అవన్నీ తర్వాత మేడమ్," అంది. "ఇప్పుడు మూడో మేత ఎవరేస్తారు?"

హనుమంతప్ప గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో అతను షెడ్డు లోపలికి వెళ్ళింది రెండుసార్లు, రెండుసార్లూ బల్బు మార్చడానికి. "నాకు తెలీదే. ఎంతెయ్యాలో, ఎట్లెయ్యాలో," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"నేనేస్తా," అంది లింగమ్మ.

జల్లెడ రోజు నుంచి అశ్వత్థమ్మ ఆమెతో ముక్తసరిగానే ఉంది. లింగమ్మకి ఎందుకో తెలుసు. ఊరంతా తెలుసు.

"ఏం వదినా, ఆలోచిస్తా ఉండావు?" అంది లింగమ్మ. "కళ్ళకి గుడ్డ కట్టుకొని మేత వెయ్యమంటావా? వేస్తా. నలభై తట్టలూ తడుముకుంటా తడుముకుంటా వేస్తా. యాడన్నా పడి పురుగుల మీద పొర్లితే మాత్రం నన్ననొద్దు."

సెలైను ఎక్కిస్తున్న నర్సుకి కూడా నవ్వొచ్చింది. అశ్వత్థమ్మకి నవ్వు రాలేదు. కొంగు ముడి విప్పింది. ఒక చేతికి సూది ఉంది కాబట్టి ఒంటి చేత్తో విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరైనా సాయం వస్తే తోసేసింది. తాళంచెవి తీసి లింగమ్మ చేతిలో పెట్టింది.

"కళ్ళు తెరుచుకునే వెయ్యి," అంది. "బాగా చూసి వెయ్యి. ఏ తట్టలో ఆకు అయిపోయిందో చూస్తే గానీ తెలీదు."

అప్పుడు లింగమ్మ ఆటోలోనే వెనక్కి పోయింది. ఆ తర్వాత మూడు రోజులు మేతలన్నీ ఆమే వేసింది. హనుమంతప్ప తెల్లారకుండానే లేచి ఆకు కోసి మోసాడు. మొదటి రోజు కాడలతో సహా కోసుకొస్తే లింగమ్మ, "ఇది ఆవుకా, పురుగుకా అన్నా?" అని తిప్పి పంపింది. షెడ్డులోకి పోయేటప్పుడు పురుగుల్ని చూసి, "ఛీ, ఏం పురుగులివి, బొత్తిగా బాగలేవు," అని పైకి అనేది. అని, నవ్వుకుంటూ మేత వేసేది.

నాలుగో రోజు అశ్వత్థమ్మ ఇంటికొచ్చింది. చాప మీద కూర్చోమన్నారు. కూర్చోలేదు. గోడ పట్టుకుని షెడ్డు దాకా నడిచి, గుమ్మం బయటే ఆగి చెవి పెట్టింది.

లోపల సన్నటి వాన కురుస్తోంది.

ఇంకో రోజు గడిచాక పురుగులు తినడం మానేసి, ఒళ్ళు గాజులా పారదర్శకంగా మారి, తలలు ఊపుతూ చోటు వెతుక్కున్నాయి. అప్పుడు వాటిని చంద్రికల మీదికి ఎక్కించారు. చంద్రిక అంటే వెదురు చాప మీద గుండ్రంగా తిప్పిన వెదురు గోడలు, పురుగు గూడు కట్టుకోవడానికి. ఒక్కో పురుగూ నోట్లోంచి ఒక్కటే దారం తీసి, తల అటూ ఇటూ తిప్పుతూ తన చుట్టూ తనే అల్లుకుంది. తిన్న ఆకే దారమైంది. ఎండా నీళ్ళూ గాలీ ఆకైతే, ఆ ఆకు పట్టైంది.

ఆ గూళ్ళలో పురుగు ఏమవుతుందా? వేడినీళ్ళలో వేసి దారం తీస్తారు. అవును, చచ్చిపోతుంది. అబద్ధం చెప్పి నిద్రపుచ్చడం నాకు చేతకాదు. పట్టు కట్టుకునేవాళ్ళకి ఆ సంగతి తెలిసుండాలి.

హనుమంతప్ప ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించాడు. గట్టిగా ఉంది. వేలితో నొక్కాడు, లొంగలేదు. ఇంకొకటి నొక్కాడు. మూడోదీ నొక్కాడు. దాన్ని జాగ్రత్తగా పెట్టిన చోటే పెట్టి, తోటకి వెళ్ళి పగిలిన నీళ్ళ పైపు సరిచేశాడు. టమాట మాట మళ్ళీ ఎత్తలేదు.

కథ అక్కడ అయిపోవాలి. కానీ అశ్వత్థమ్మకి అలసట పోలేదు. పంట వచ్చినంత మాత్రాన అలసట ఎక్కడికి పోతుంది? నాలుగో పంటకి గుడ్లు తెచ్చింది. పిల్లలు పుట్టాయి, తిన్నాయి. మొదటి నిద్ర వచ్చింది. అన్నీ తలలు పైకెత్తి ఆగిపోయాయి.

అశ్వత్థమ్మ సున్నం చల్లింది. షెడ్డుకి తాళం వేసింది. ఒక చెంబుడు నీళ్ళు తాగింది. వేడన్నం పెట్టుకుని, కూర్చుని తింది. బయటికెళ్ళొచ్చింది. ఆ తర్వాత కిటికీ తెరిచి చాప వేసుకుంది. ఒక మూల ఉతకాల్సిన బట్టల కుప్ప ఉంది. దాని వైపు వీపు పెట్టి పడుకుంది.

హనుమంతప్ప వచ్చి చూశాడు. "ఏమే, పట్టపగలు పడుకుంటివి? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉండాది. నిద్రలో ఉండేదాన్ని ముట్టుకోకూడదు. తలుపు దగ్గరగా వేసి పో."

అతను తలుపు వేసి పోయాడు.

ఆ తర్వాత ఆవిడ పదహారేళ్ళు పంటలు తీసింది. కొన్ని బాగా వచ్చాయి, కొన్ని రాలేదు. నిద్ర రోజున లింగమ్మ కొడుకు పెళ్ళి వచ్చింది, ముహూర్తానికి లేచి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చి మళ్ళీ పడుకుంది. ఆడబిడ్డ పదిమందితో దిగింది, బియ్యం డబ్బా చూపించి పడుకుంది. ఓట్ల వాళ్ళు వచ్చి తలుపు బాదారు, లేవలేదు. ఊళ్ళో నవ్వారు. నవ్వీ నవ్వీ వాళ్ళూ అలసిపోయారు. పంటకి నాలుగు నిద్రలు. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

తట్టలో పురుగు తలెత్తి పడుకుంది,
తోటలో మోడు చిగురేసి ఊరుకుంది,
కథ నడిచి అలసి కంచికి పోయింది,
నిద్ర దారి తెలిసి మన ఇంటికొచ్చింది.